జోడ్ బంగ్లా గుడి ఎవరిది?

పశ్చిమ బెంగాల్ బాంకురా జిల్లాలో బిష్ణుపూర్ అని ఒక ఊరుంది. ఒకప్పుడు మల్ల రాజుల రాజధాని. కోల్‌కతా నుంచి రైల్లో మూడు నాలుగు గంటలు. పోయినేడాది పనిమీద అటు వెళ్ళినప్పుడు ఒక శనివారం ఖాళీ దొరికితే చూసొచ్చాను. అక్కడి గుళ్ళన్నిట్లో నాకు బాగా నచ్చింది జోడ్ బంగ్లా. 1655లో రఘునాథ సింహుడు కృష్ణుడికి కట్టించాడు.

బంగ్లా అంటే వాన నీళ్ళు నిలవకుండా కప్పు వంపుగా ఉండే బెంగాలీ గుడిసె. మన 'బంగళా' కూడా ఆ మాటలోంచి పుట్టిందే! అలాంటి రెండు గుడిసెల్ని జోడించినట్టు ఇటుకతో కట్టారు కాబట్టి ఆ పేరు.

గోడల నిండా కాల్చిన మట్టి ఫలకాలు. అంపశయ్య మీద భీష్ముడు, కృష్ణలీలలు, వాటి పక్కనే వేటగాళ్ళు, పడవల్లో సిపాయిలు. రాయి లేకనా అంటే, ఆ ప్రాంతంలో ఎర్రటి లాటరైట్ ఉంది, కొన్ని గుళ్ళు దానితోనే కట్టారు కూడా. కానీ అది గరుకు రాయి, సన్నపనికి లొంగదు. మట్టయితే పచ్చిగా ఉన్నప్పుడే కావలసినట్టు మలిచి కాల్చుకోవచ్చు.

అసలు సంగతి వాకిట్లో ఉంది. పొట్టి లావుపాటి స్తంభాలు, వాటిమీద మూడు కమానులు. లోపల కప్పుని మోసేదీ కమానుల పనితనమే. ఇది బెంగాల్ సుల్తానుల కాలంలో మసీదులు కట్టి కట్టి చెయ్యి తిరిగిన పని. ఇప్పటి బంగ్లాదేశ్‌లో, రాజ్‌షాహీ జిల్లాలో, 1523 నాటి బాఘా మసీదుంది. దాని గోడలమీదా ఇలాంటి మట్టి పనే, కాకపోతే దేవుళ్ళ బదులు తీగలు, పువ్వులు. ఇంకా వెనక్కి, 8వ శతాబ్దానికి వెళ్తే పాల రాజుల పహాడ్‌పూర్ బౌద్ధ విహారం. అక్కడా వేల కొద్దీ మట్టి ఫలకాలు. అంటే ముందు విహారం, తర్వాత మసీదు, ఆ తర్వాత గుడి. మట్టి మాత్రం అదే.

ఈ రోజుల్లో ఏ పాత కట్టడం పేరెత్తినా 'ఇది మాది, అది మీది' అని వాటాలు మొదలు. సరే, ఇక్కడ పంచి చూడండి. మసీదు నేర్పిన కమాను తీసేస్తే కప్పు కూలుతుంది. పేదవాడి గుడిసె వంపు తీసేస్తే పేరే ఉండదు. కృష్ణుణ్ణి తీసేస్తే అది గుడే కాదు. కట్టించినవాడేమో వైష్ణవ రాజు. దేవుడి గుడికి మసీదు కమాను పెట్టడానికి ఆయనకి లేని అభ్యంతరం మూడున్నర శతాబ్దాల తర్వాత మనకెందుకో!