సరిహద్దుకు రెండు వైపులా: బాస్కు ప్రశ్న, సవర భాష

జాతుల సమస్యను చర్చించేటప్పుడు బాస్కుల చరిత్రను పక్కన పెట్టలేము. స్పెయిన్, ఫ్రాన్సుల మధ్య చీలిపోయిన ఆ ప్రజల భాషకు చుట్టుపక్కల ఏ భాషతోనూ చుట్టరికం లేదు. 1895లో బాస్కు జాతీయ పార్టీని స్థాపించిన సబీనో అరానా జాతికి పునాది రక్తమన్నాడు. పొట్టకూటికి గనుల్లోకి వచ్చిన ఇతర ప్రాంతాల కార్మికులను పరాయివాళ్లన్నాడు. తర్వాత ఫ్రాంకో నియంతృత్వం బాస్కు భాషను బడి నుంచి, కచేరీ నుంచి తరిమివేసింది. ఆ అణచివేతలో 1959లో ఎటా పుట్టింది. ఎనిమిది వందల మందికి పైగా ప్రాణాలు తీసి, 2011లో సాయుధ చర్యలు విరమించి, 2018లో రద్దయింది. స్వతంత్ర రాజ్యం రాలేదు. భాష మాత్రం నిలిచింది. తల్లిదండ్రులు పట్టుబట్టి నడిపిన బాస్కు బడులు, 1968 నుంచి రూపొందిన ఉమ్మడి లిఖిత భాష, 1979 నాటి స్వయంప్రతిపత్తి శాసనం దాన్ని నిలబెట్టాయి. జాతికి పునాది రక్తం కాదు, భాష అన్న గ్రహింపు కూడా ఈ క్రమంలోనే బలపడింది.

ఇటువంటి భాష కోసం మనం యూరపు దాకా పోనక్కరలేదు. నేనుండే భోగాపురం నుంచి ఉత్తరంగా పోయి శ్రీకాకుళం దాటి కొండలెక్కితే సవర వినిపిస్తుంది. అది ముండా కుటుంబపు భాష. తెలుగుకు గాని, ఒరియాకు గాని బంధువు కాదు. 2011 జనగణనలో దాన్ని మాతృభాషగా చెప్పినవారు సుమారు 4 లక్షలు.

ఆ భాషను చదువుకున్న లోకం ముందు పెట్టినవారు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ సవర నేర్చుకున్నారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడి పెట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లో వెలువడింది. తెలుగులో వ్యావహారికం కోసం పోరాడినవాడూ, కొండభాషకు వ్యాకరణం రాసినవాడూ ఒకరే కావడం యాదృచ్ఛికం కాదు. జనం నోట ఉన్నదే భాష అనే సూత్రం రెండుచోట్లా ఒకటే.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. దాన్ని వ్యతిరేకించిన గిడుగు ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరారు. 1940లో మరణించేదాకా తిరిగి అక్కడ కాపురం పెట్టలేదు. ఆయన బాధ న్యాయమైనదే. కాని ఆ తగవు మొదటినుంచీ తెలుగు, ఒరియాల తగవుగానే నడిచింది. సరిహద్దు గీత సవరల మధ్యనుంచి పోయింది. అదే 1936లో మంగయి గొమాంగో సవరకు సొంత లిపి కల్పించారు. గీత గీసినవారికి అది సమాధానమే అనిపిస్తుంది నాకు.

1913 బాపట్ల మహాసభ నుంచి 1952లో పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ దాకా మనం అడిగింది ఒకటే: మా భాషలో మా పాలన. 1953లో సాధించుకున్నాం. మరి మన రాష్ట్రంలోపల సవరకు దక్కిందేమిటి? అప్పుపత్రం, కోర్టు కాగితం, పోలీసు రిపోర్టు అన్నీ తెలుగులోనే. తనకు చదవరాని కాగితం మీద వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకోవడం భాషాసమస్య కాదనగలమా? 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళుతున్న కోరన్న, మంగన్నలను లేవిడి దగ్గర భూస్వాముల పక్షంవారు కాల్చి చంపారు. శ్రీకాకుళం పోరాటం భూమి కోసం, కూలి కోసం జరిగిందని మనం చెప్పుకుంటాం. నిజమే. అయితే ఆ భూమి చేతులు మారడంలో పరాయిభాషా కాగితం ఒక పనిముట్టు అన్న మాటను మన సాహిత్యం తగినంతగా పట్టించుకోలేదు.

2000 తర్వాత ప్రాథమిక తరగతులకు సవర వాచకాలు వచ్చాయి. మంచిదే. కాని 2003లో సంతాలీకి దక్కిన ఎనిమిదో షెడ్యూలు స్థానం సవరకు లేదు.

మా ఉత్తరాంధ్ర యాసను సినిమాలో నవ్వులాటకు వాడితే మాకు రోషం వస్తుంది. రావాలి కూడా. కాని కొండ దిగి సంతకొచ్చిన సవరమనిషి మాట విని నవ్వేది మేమే. పెద్దభాష ముందు దీనంగానూ, చిన్నభాష ముందు దర్జాగానూ నిలబడే జాతీయత ప్రజాస్వామికం కాదు. రచయితలు సవర కథలు సేకరించి తెలుగు చేస్తే సరిపోదు. సవర యువకుడు సవరలోనే రాసి అచ్చువేసుకునే వీలు కల్పించాలి. అదీ గిడుగు దారి.