అల్పస్థాయి రేడియోధార్మిక వ్యర్థాల నిక్షేప కేంద్రాలు

అణువిద్యుత్ కేంద్రాలు, పరిశోధన రియాక్టర్లు, ఆసుపత్రులు, పరిశ్రమల నుంచి వచ్చే తక్కువ తీవ్రత గల రేడియోధార్మిక వ్యర్థాలు మనుషులకూ నీటికీ తగలకుండా నేలలో భద్రపరిచే కట్టడాలివి. వాడిన చేతి తొడుగులు, తుడిచిన గుడ్డలు, ఫిల్టర్లు, నీటిని శుద్ధి చేసిన రెజిన్లు, పాత పైపు ముక్కలు ఈ కోవలోకి వస్తాయి. వాడేసిన అణు ఇంధనం దారి వేరు. 1962 నాటి అణుశక్తి చట్టం కింద 1987లో వచ్చిన నియమావళి ప్రకారం, అనుమతి లేకుండా రేడియోధార్మిక వ్యర్థాలను ఎవరూ పారవేయకూడదు. పర్యవేక్షణ బాధ్యత 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలిది.

భారతదేశంలో ఈ కేంద్రాలను అణుకేంద్రాల ఆవరణలోనే కడతారు. తెలుగు రాష్ట్రాల్లో అణువిద్యుత్ కేంద్రం లేదు. మచిలీపట్నం, దివిసీమలు ఉన్న బంగాళాఖాతం తీరం వెంటే దక్షిణానికి వెళితే తమిళనాడులోని కల్పాక్కంలో ఇలాంటి కేంద్రం ఉంది. అక్కడికి చేరిన వ్యర్థాల్లో కాలేవాటిని కాల్చి బూడిద చేస్తారు, నొక్కదగినవాటిని యంత్రంతో నొక్కి పరిమాణం తగ్గిస్తారు, ద్రవాల నుంచి తీసిన మడ్డిని సిమెంటులో కలిపి డ్రమ్ముల్లో గడ్డకట్టిస్తారు. రేడియేషన్ బాగా తక్కువగా ఉన్నవి రాతి కట్టు ఉన్న మట్టి కందకాల్లోకి, అంతకంటే ఎక్కువ ఉన్నవి కాంక్రీటు కందకాల్లోకి వెళతాయి. ఇంకా తీవ్రమైనవాటిని సుమారు 4 మీటర్ల లోతున నిలువుగా దించిన గొట్టపు గుంటల్లో వేస్తారు. కందకం నిండాక కాంక్రీటు పలకతో మూసి, నీరు దిగకుండా పూత వేస్తారు. చుట్టూ బోరు గుంటలు తవ్వి, వాటి నీటిని ఎప్పటికప్పుడు పరీక్షిస్తారు.

ఈ కాపలా 300 ఏళ్లు సాగాలన్నది లెక్క. వ్యర్థాల్లో ముఖ్యమైన సీజియం-137 అర్ధాయువు దాదాపు 30 ఏళ్లు. పది అర్ధాయువులు గడిస్తే మొదట ఉన్నదాంట్లో వెయ్యో వంతే మిగులుతుంది. స్ట్రాంషియం-90 కూడా ఇంచుమించు అంతే. కోబాల్ట్-60 అర్ధాయువు ఐదేళ్ల పైచిలుకే కాబట్టి అది ఇంకా ముందే చల్లబడుతుంది. ఫ్రాన్స్‌లో 1992 నుంచి నడుస్తున్న ఓబ్ కేంద్రానికి కూడా 300 ఏళ్ల గడువే పెట్టుకున్నారు. ఇంజనీరింగ్ కంటే కష్టమైన భాగం ఇదేనని చెప్పాలి: పది తరాల పాటు రికార్డులు, కంచె, నీటి పరీక్షలు ఆగకూడదు.

స్థల ఎంపికలో అన్నిటికన్నా ముందు చూసేది నీరు. భూగర్భజలం లోతుగా ఉండాలి, వరద రాకూడదు, నేల కదలకూడదు. ఈ కొలతతో చూస్తే కృష్ణా డెల్టాలోని గుడ్లవల్లేరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతం దేనికీ నిలవదు. పంట కాలువలు, మురుగు కాలువల మధ్య ఉన్న ఈ పల్లపు నేలలో కాస్త తవ్వగానే ఊట కనిపిస్తుంది. నల్లరేగడి ఎండకు బీటలువారి, వానకు ఉబ్బుతుంది. 1864లో మచిలీపట్నాన్ని, 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలు వేల ప్రాణాలు తీశాయి. మూడు శతాబ్దాల ప్రణాళికలో అలాంటి ఉప్పెన మళ్లీ వస్తుందనే లెక్క వేసుకోవాలి.

తెలుగు నేలకు రేడియోధార్మిక వ్యర్థాల సమస్య నిజంగా ఎదురైంది కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లెలో. యురేనియం కార్పొరేషన్ గని, శుద్ధి కర్మాగారం అక్కడ ఉన్నాయి. సోడా క్షారాలతో యురేనియం తీసేశాక మిగిలే మడ్డిని గొట్టాల ద్వారా టెయిలింగ్ పాండ్ అనే మడ్డి చెరువులోకి పంపుతారు. యురేనియం పోయినా ధాతువులోని రేడియోధార్మికతలో పెద్ద భాగం ఆ మడ్డిలోనే ఉంటుంది. అందులోని రేడియం-226 అర్ధాయువు 1,600 ఏళ్లు, థోరియం-230ది సుమారు 75 వేల ఏళ్లు. కల్పాక్కం కందకానికి సరిపోయే 300 ఏళ్ల లెక్క ఇక్కడ పనికిరాదు. అందుకే ఈ మడ్డిని వేరే తరగతిగా చూస్తారు. బోరు నీరు చెడి, అరటి తోటలు పాడయ్యాయని చుట్టుపక్కల రైతులు ఏళ్ల తరబడి చెబుతున్నారు. 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు ఇచ్చింది. చెరువు అడుగున నీరు ఇంకని పొర సరిగా ఉందా లేదా అన్నదే వివాదం. ఇలాంటి చోట ప్రతి ఊరి బోరు నీటి ఫలితాన్నీ ఆ ఊరి పంచాయతీ గోడ మీద పెట్టడం కనీస బాధ్యత.

డెల్టా వాసులకు దగ్గరగా ఉండే రేడియోధార్మిక వ్యర్థం ఆసుపత్రులది. థైరాయిడ్ క్యాన్సర్‌కు వాడే అయోడిన్-131 అర్ధాయువు 8 రోజులే. రోగి మూత్రాన్ని ప్రత్యేక ట్యాంకుల్లో నిల్వ ఉంచి, అనుమతించిన స్థాయికి తగ్గాకే మురుగులోకి వదులుతారు. దీనికి భూస్థాపన అక్కర్లేదు. చికిత్స యంత్రాల్లోని కోబాల్ట్ మూలకం సంగతి అలా కాదు. పని అయిపోయాక దాన్ని సరఫరాదారుకు తిప్పి పంపాలి, లేదా గుర్తింపు పొందిన నిక్షేప కేంద్రానికి చేర్చాలి. 2010లో ఢిల్లీ మాయాపురిలో ఒక పాత ప్రయోగశాల పరికరం తుక్కు వ్యాపారుల చేతికి చేరి, అందులోని కోబాల్ట్-60 ఒకరి ప్రాణం తీసింది, పలువురిని ఆసుపత్రి పాలు చేసింది.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ప్రతిపాదించిన అణువిద్యుత్ కేంద్రం కట్టడమే జరిగితే, ఇప్పటి పద్ధతి ప్రకారం దాని ఆవరణలోనే ఆంధ్రప్రదేశ్ తొలి నిక్షేప కేంద్రం కూడా రావాల్సి ఉంటుంది.