అనంతపురం కరువు సీమలో నాటిన చెట్ల పర్యవేక్షణ

అడవుల పునరుద్ధరణకు నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయి, ఎంత ఎదిగాయి, ఏ తెగులు సోకింది అన్న విషయాలను కొన్నేళ్లపాటు క్రమం తప్పకుండా చూసి నమోదు చేయడాన్ని చెట్ల పర్యవేక్షణ అంటారు. అనంతపురం పీఠభూమిలో, అంటే నేటి అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో ఈ పనికి దాదాపు నూట నలభై ఏళ్ల చరిత్ర ఉంది. మొదట్లో ఎన్ని మొక్కలు నాటారన్నదే లెక్క. బతికినవి ఎన్ని అన్న లెక్క తర్వాత వచ్చింది. ఆ లెక్క ఎవరు తీయాలి, ఎప్పుడు తీయాలి అన్న ప్రశ్నలు ఇంకా తర్వాతివి.

నేల, వాన

ఈ సీమ పడమటి కనుమల వాననీడలో ఉంది. నైరుతి రుతుపవనాలు కనుమలు దాటేసరికే తడి పోగొట్టుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసిస్తాయి. ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మి.మీ. నెలలవారీగా చూస్తే సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎక్కువగా కురుస్తుంది. ఎర్రనేలల లోతు తక్కువ, కొద్ది అడుగులు తవ్వితే గరుసు, రాయి తగులుతాయి. వానలో నాటిన మొక్క వేళ్లు కిందికి దిగేలోపే చలికాలం గడిచి ఎండలు ముదురుతాయి. అందుకే ఒకే తోటను నవంబరులో లెక్కపెడితే వచ్చే అంకె, మరుసటి జూన్‌లో లెక్కపెడితే వచ్చే అంకె రెండూ ఒకటి కావు. పర్యవేక్షణలో వచ్చే చిక్కుల్లో చాలావాటికి మూలం ఇదే.

రిజిస్టర్ల కాలం

1876–78 నాటి మహా క్షామం బళ్లారి ప్రాంతాన్ని తీవ్రంగా దెబ్బతీసింది. 1882లో బళ్లారి జిల్లా నుంచి అనంతపురాన్ని విడదీశారు. మద్రాసు అటవీ చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే. రిజర్వు అడవులకు హద్దులు పడి, ఏ బ్లాకులో ఏం నాటారో, ఎంత ఖర్చయిందో రాసే అటవీ శాఖ రికార్డుల పద్ధతి బలపడింది.

క్షామకాలంలోనే వచ్చిన ఒక మొక్క తర్వాతి లెక్కలన్నిటినీ తారుమారు చేసింది. వంటచెరకు కొరత తీర్చడానికి 1877లో జమైకా నుంచి తెప్పించిన సర్కారు తుమ్మ విత్తనాలను పొరుగున ఉన్న కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటారు. నీళ్లు పోయకపోయినా బతికే ఈ ముళ్లచెట్టు గొర్రెలు, మేకల పేడ ద్వారా రాయలసీమ అంతటా వ్యాపించింది. ఎవరూ నాటకుండానే పెరిగిన ఈ కంపను, పనిగట్టుకుని పెంచిన అడవిని వేరుచేసి చూడటం నేటికీ పర్యవేక్షకులకు పెద్ద పని.

స్వాతంత్ర్యం తర్వాత 1950లో వనమహోత్సవం మొదలైంది. 1973–74లో కరువు పీడిత ప్రాంతాల పథకం వచ్చింది. జాతీయ వ్యవసాయ కమిషన్ 1976 నివేదిక సామాజిక అడవుల పెంపకానికి దారి వేసింది. నర్సరీల నుంచి లక్షల మొక్కలు ఊళ్లకు చేరాయి. అయితే పంచిన మొక్కల సంఖ్యే ప్రగతిగా చూపిన రోజులవి. గుంత తీసిన కూలి, మొక్క ఖరీదు రిజిస్టరులో పక్కాగా ఉండేవి. రెండేళ్ల తర్వాత ఆ మొక్క సంగతి మాత్రం ఆ పుటల్లో అరుదుగా కనిపించేది.

సమితుల కాలం

కేంద్ర ప్రభుత్వం 1990 జూన్‌లో ఇచ్చిన ఉత్తర్వు అడవుల రక్షణలో ఊరివాళ్లకు భాగం కల్పించింది. ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. 1994లో ప్రపంచ బ్యాంకు సాయంతో అటవీ ప్రాజెక్టు, 2002లో సామాజిక అటవీ యాజమాన్య ప్రాజెక్టు వచ్చాయి. ప్రతి సమితికీ కొంత అడవిని అప్పగించి, సూక్ష్మ ప్రణాళిక రాయించి, కాపలా, మంటల అదుపు, ఖాళీల్లో మళ్లీ నాటడం వంటి పనులు అప్పజెప్పారు. అంతవరకు ఫారెస్టు గార్డు ఒక్కడి కళ్లతో చూసిన అడవిని ఇప్పుడు ఊరంతా చూసింది. 1995 నుంచి ఎడారి నివారణ పథకం అనంతపురానికీ వర్తించింది. ఆ పథకం కింద వాటర్‌షెడ్ కమిటీలు గట్లమీద, బీళ్లలో మొక్కలు నాటించాయి.

1969లో సంఘసేవకుడు విసెంటె ఫెర్రర్ ఇక్కడికి వచ్చాక రూపుదిద్దుకున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, దాని సోదర సంస్థ యాక్షన్ ఫ్రటెర్నా కూడా వాటర్‌షెడ్ల పనిలో రైతులను కలుపుకొని చెట్ల పెంపకం సాగించాయి.

కల్పవల్లి

ఈ సీమలో పర్యవేక్షణకు పేరుపొందిన ఉదాహరణ కల్పవల్లి. బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం మొదలైనవారు 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడులో టింబక్టు కలెక్టివ్ అనే సంస్థను నెలకొల్పారు. ఆ తర్వాత కొద్దికాలానికే ముష్టికోవెల గ్రామస్థులతో కలిసి చుట్టుపక్కల గుట్టల్లోని రెవెన్యూ బంజరును కాపాడే పనికి దిగారు. క్రమంగా మరిన్ని ఊళ్లు చేరగా, కల్పవల్లి పేరుతో కాపాడిన నేల సుమారు 9,000 ఎకరాలకు విస్తరించింది. చెట్ల పెంపకందారుల సహకార సంఘం దీన్ని చూసుకుంటుంది.

ఇక్కడ నాటడం కంటే కాపలాకే ప్రాధాన్యం. వేసవిలో మంటలు రాకుండా ముందే గడ్డి కోసి అగ్గి గీతలు తీస్తారు. కావలివాళ్లు గుట్టలమీద తిరుగుతూ పొగ కనిపిస్తే ఊరికి కబురు పెడతారు. మొద్దుల నుంచి చిగిర్చిన చెట్లు, రాలిన గింజల నుంచి మొలిచినవి చాలావరకు ఇలాగే నిలదొక్కుకున్నాయి. చెట్లతోపాటు ఊరికి దక్కే ఫలం కూడా లెక్కలోకి వచ్చింది. గుడిసెల కప్పుకు పనికొచ్చే బోద గడ్డి, బుట్టలల్లే ఈతాకు, పశువుల మేత, కిందనున్న చెరువులకు చేరే నీరు ఊరివాళ్లకు తెలిసిన కొలమానాలు.

రికార్డుల్లో ఇది బంజరుగానే ఉండటం వల్ల 2010 ప్రాంతంలో కల్పవల్లి గుట్టలమీద గాలిమరలు నిలబడ్డాయి. వాటికోసం వేసిన వెడల్పాటి దారులు వాలులను కోసేశాయి. కళ్లెదుట పెరిగిన అడవి రెవెన్యూ కాగితంలో లేకపోతే దానికి రక్షణ ఎంత పలుచనో ఈ ఘటన చూపింది.

బతికిన మొక్కకే సొమ్ము

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ అనంతపురం జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రారంభించారు. సన్న, చిన్నకారు రైతుల మెట్ట పొలాల్లో మామిడి వంటి పండ్లతోటలు, రోడ్ల పక్కన నీడచెట్లు ఈ పథకం కింద పెరిగాయి. నాటిన తర్వాత నీళ్లు, పాదులు, కంచె కోసం ఇచ్చే నిర్వహణ సొమ్మును బతికిన మొక్కల సంఖ్యతో ముడిపెట్టడంతో లెక్కింపు రైతు ఆదాయంతో కలిసిపోయింది.

పథకం మొదలైన ఏడాదే జిల్లాలో పెద్దయెత్తున సామాజిక తనిఖీ జరిగింది. మస్టరు పుస్తకంలో ఉన్నదాన్ని పనిచోట ఉన్నదానితో సరిపోల్చి, తేడాలను గ్రామసభలో చదివి వినిపించే ఈ పద్ధతిలో మొక్కలు కూడా తనిఖీకి వచ్చే ఆస్తులే. రాష్ట్రంలో 2009లో ఈ పనికోసం ప్రత్యేక సంస్థ ఏర్పడింది. పొరుగున తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టంలో నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతికించాలన్న బాధ్యతను పంచాయతీల మీద పెట్టింది.

ఉపగ్రహం, ఫోను

1981లో ఏర్పడిన భారత అటవీ సర్వేక్షణ సంస్థ 1987 నుంచి ఉపగ్రహ చిత్రాల ఆధారంగా దేశ అటవీ స్థితి నివేదికలు ఇస్తోంది. ఒక హెక్టారు, అంతకంటే ఎక్కువ నేలలో పందిరి సాంద్రత 10 శాతం దాటితేనే అడవిగా లెక్కిస్తారు. అంతకంటే పలుచనైతే పొదల కింద చేరుతుంది. అనంతపురం కొండల్లో చాలా భాగం ఈ గీతకు అటూ ఇటూ ఉంటుంది. ఆకు రాల్చే చెట్లు వేసవి చిత్రంలో కనిపించవు. అందువల్ల వానల తర్వాతి, ముఖ్యంగా అక్టోబరు–డిసెంబరు చిత్రాలను వాడతారు.

హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం వారి భువన్ వేదికపై 2016లో ఉపాధి హామీ ఆస్తులకు జియోట్యాగింగ్, అంటే ఫొటోకు ఆ చోటు గుర్తు జతచేయడం, మొదలైంది. 2017 నవంబరులో పనికి ముందు, జరుగుతుండగా, ముగిశాక ఫొటోలు తీయాలన్న నియమం వచ్చింది. చెట్లు పట్టి ఉంచిన కర్బనానికి విలువ కట్టే కర్బన క్రెడిట్లు వచ్చాక కొలతలు మరింత కట్టుదిట్టమయ్యాయి. ఖమ్మం జిల్లాలో ఐటీసీ సామాజిక అడవుల ప్రాజెక్టు 2009లో ఐక్యరాజ్యసమితి స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగంలో నమోదైంది. ఇలాంటి చోట్ల నమూనా గళ్లలో మానుల కొలతలు తీసి, బయటి సంస్థ చేత తనిఖీ చేయించాలి.

కొలిచే తీరు

తొలి మూడేళ్లు ముఖ్యంగా చూసేది బతికిన శాతం. 3 × 3 మీటర్ల ఎడంలో నాటితే హెక్టారుకు 1,111 మొక్కలు పడతాయి. అన్నీ లెక్కపెట్టలేనిచోట కొన్ని వరుసలను గానీ గళ్లను గానీ నమూనాగా తీసుకుంటారు. చిన్న మొక్కలకు ఎత్తు, మొదలు లావు కొలుస్తారు. మానుకట్టాక నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున చుట్టుకొలత తీస్తారు.

కరువు నేలలో చచ్చిన మొక్కను గుర్తించడమే కష్టం. నారేపి వంటి చెట్ల మొలకలు తొలి ఏళ్లలో బలమంతా వేరుకే పెడతాయి. వేసవిలో పైకాండం ఎండిపోయి వానకు మళ్లీ చిగురిస్తుంది. గోటితో బెరడు గీరి లోపల పచ్చదనం ఉందేమో చూస్తారు. అదీ లేకపోతే తొలకరి వానలు పడ్డాక ఇంకోసారి చూసి గానీ చచ్చినదని రాయరు.

ఆరోగ్యం

చెదలు, మేకలు, మంట పాత శత్రువులు. తెగుళ్లలో రెండు ఘటనలు గుర్తుంచుకోదగ్గవి. 1988లో దేశానికి చేరిన ఒక రసం పీల్చే పురుగు సుబాబుల్ తోటలను దెబ్బతీసింది. 2021లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో వేపచెట్ల కొమ్మలు చివళ్ల నుంచి మాడిపోయాయి. ఫోమాప్సిస్ శిలీంధ్రం, తేయాకు దోమ దీనికి కారణమని శాస్త్రవేత్తలు తేల్చారు. చాలా చెట్లు తర్వాత చిగిర్చాయి. ఒకే జాతితో తోట నింపితే ఒక్క తెగులుకే అంతా లోబడిపోతుందన్న పాఠం రెండుచోట్లా ఒకటే. అందుకే వేప, కానుగ, చింత, నేరేడు, సీతాఫలం, చండ్ర కలిపి నాటమని చెబుతారు.

పరిమితులు

జియోట్యాగ్ చేసిన ఫొటో మొక్క ఫలానా చోట ఉందని చెబుతుంది గానీ వేరు పట్టిందో లేదో చెప్పదు. ఉపగ్రహం పచ్చదనాన్ని చూపినా, అది నాటిన వేపదో సర్కారు తుమ్మదో చాలాసార్లు నేలమీదే తేల్చుకోవాలి. నిర్వహణ గడువులు కూడా పొంతన లేకుండా ఉన్నాయి. ఇతర పనులకు మళ్లించిన అడవికి బదులుగా పెంచే పరిహార అడవుల పథకాల్లో పదేళ్ల వరకు పోషణ సాగితే, ఉపాధి హామీ తోటల నిర్వహణకు మూడేళ్ల గడువే పెట్టారు. అయిదేళ్లలో ఒకటి రెండు కరువులు వచ్చే సీమలో మూడేళ్ల రికార్డు ఒక్క కరువునైనా చూడకుండానే ముగిసిపోవచ్చు. కాబట్టి ఇక్కడ బతికిన శాతం చెప్పేటప్పుడు ఎన్నో వేసవి తర్వాత, ఏ నెలలో, ఎవరు లెక్కపెట్టారన్నది కూడా చెప్పాలి. అవి లేనిదే ఒక తోట అంకెను మరో తోట అంకెతో పోల్చడం కుదరదు.