ఏ ప్లస్ ధ్రువపత్రం

ఏ ప్లస్ అనేది వ్యక్తిగత కంప్యూటర్ల అమరిక, మరమ్మతు, వాడుకరులకు సాంకేతిక సహాయం వంటి పనులలో ప్రాథమిక నైపుణ్యమును ధ్రువీకరించే అంతర్జాతీయ వృత్తి పరీక్ష. దీనిని అమెరికాకు చెందిన కాంప్‌టియా సంస్థ 1993లో ప్రవేశపెట్టినది. ఇది ఏ ఒక్క తయారీదారు ఉత్పత్తులకూ పరిమితము కాదు. డిగ్రీ గాని, ఉద్యోగానుభవము గాని తప్పనిసరి కాకపోవుట వలన, సమాచార సాంకేతిక రంగములో కొత్తగా అడుగుపెట్టువారు మొదట వ్రాసే పరీక్షలలో ఇది ఒకటి.

చరిత్ర

కాంప్‌టియా 1982లో "అసోసియేషన్ ఆఫ్ బెటర్ కంప్యూటర్ డీలర్స్" అను పేరుతో విక్రేతల సంఘముగా ఏర్పడినది. వ్యక్తిగత కంప్యూటర్లు విస్తరించిన తరువాత, దుకాణములో పనిచేసే సాంకేతికునికి ఏపాటి పని తెలుసునో కొలిచేందుకు అందరికీ సమ్మతమైన కొలబద్ద అవసరమైనది. ఆ అవసరము నుండి ఏ ప్లస్ పుట్టినది. అదే సంస్థ 1999లో నెట్‌వర్క్ ప్లస్, 2002లో సెక్యూరిటీ ప్లస్ పరీక్షలను ప్రారంభించినది. 2010 వరకు ఉత్తీర్ణులైనవారి ఏ ప్లస్ జీవితకాలము చెల్లును. 2011 జనవరి 1 నుండి ఇచ్చిన పత్రములకు మూడేండ్ల గడువు ఉన్నది. 2025 ఆరంభములో కాంప్‌టియా పరీక్షల విభాగము ప్రైవేటు పెట్టుబడి సంస్థల యాజమాన్యములోనికి వెళ్ళినది.

పరీక్షా విధానము

కోర్ 1, కోర్ 2 అను రెండు పరీక్షలలోనూ ఉత్తీర్ణులు కావలెను. ఒక్కొక్క దానికి 90 నిమిషముల సమయము, గరిష్ఠముగా 90 ప్రశ్నలు. 100 నుండి 900 వరకు గల కొలమానములో మొదటిదానికి 675, రెండవదానికి 700 రావలెను. బహుళైచ్ఛిక ప్రశ్నలతో పాటు, తెరపై పని చేసి చూపవలసిన ప్రశ్నలు కూడా ఉండును.

* కోర్ 1: మొబైల్ పరికరాలు, నెట్‌వర్కింగ్, హార్డ్‌వేర్, వర్చువలైజేషన్ మరియు క్లౌడ్, హార్డ్‌వేర్-నెట్‌వర్క్ లోపాల పరిష్కారము
* కోర్ 2: ఆపరేటింగ్ సిస్టములు, భద్రత, సాఫ్ట్‌వేర్ లోపాల పరిష్కారము, పని పద్ధతులు

ఈ పరీక్ష తెలుగులో లేదు. మన ప్రాంత అభ్యర్థులు ఆంగ్లములోనే వ్రాయుదురు.

లోపమును కనుగొనుటకు కాంప్‌టియా ఆరు మెట్ల పద్ధతిని బోధించును: సమస్యను గుర్తించుట, కారణమును ఊహించుట, ఆ ఊహను పరీక్షించుట, ప్రణాళిక వేసి అమలు చేయుట, అంతా సరిగా పనిచేయుచున్నదో లేదో చూచుట, చేసిన పనిని నమోదు చేయుట. పాఠ్యప్రణాళికలో దీర్ఘకాలము ఉపయోగపడే భాగము ఇదే. కంప్యూటర్లు మారినను ఈ వరుస మారదు.

అనుభవము లేనివారి సమస్య

ఉద్యోగమునకు అనుభవము అడుగుదురు. ఉద్యోగము లేనిదే అనుభవము రాదు. పెళ్ళి అయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు అన్న సామెత దీనికి సరిగా సరిపోవును. సుమారు పన్నెండు నెలల అనుభవము ఉండుట మేలని కాంప్‌టియా సూచించును గాని, దానిని నిబంధనగా పెట్టలేదు.

అభ్యర్థికి పరికరముల పేర్లు, వాటి పనితీరు తెలుసునని ధ్రువపత్రము చెప్పగలదు. ప్రింటర్ పనిచేయడము లేదని విసుగుతో ఫోను చేసిన ఉద్యోగిని నెమ్మదిగా ప్రశ్నించి, తీగ ఊడినదా, కాగితము ఇరుక్కున్నదా, డ్రైవర్ చెడినదా అని తేల్చగలడో లేదో అది చెప్పజాలదు. ప్రశ్నలను బట్టీపట్టి ఉత్తీర్ణులైనవారిని ఉద్దేశించి 1990లలో "పేపర్ ఎంసీఎస్ఈ" అను ఎగతాళి మాట పుట్టినది. బయటికి పొక్కిన ప్రశ్నలను వాడుట పరీక్షా ఒప్పందమునకు విరుద్ధము. పట్టుబడినచో పత్రము రద్దగును.

ఈ లోటును కొంతవరకు పూడ్చుకొనుటకు మార్గములు కలవు:

* పాత కంప్యూటరును విప్పి, తిరిగి అమర్చి, ఆపరేటింగ్ సిస్టమును ఎక్కించుట
* వర్చువల్‌బాక్స్, సిస్కో ప్యాకెట్ ట్రేసర్ వంటి ఉచిత సాధనములతో ఇంటిలోనే అభ్యాసము చేయుట
* మరమ్మతు దుకాణములోనో, కళాశాల ప్రయోగశాలలోనో సహాయకునిగా పనిచేయుట
* అప్రెంటిస్‌షిప్‌లో చేరుట
* సరిచేసిన ప్రతి లోపమును, దాని కారణమును పుస్తకములో వ్రాసి ఉంచుట

చివరిది చిన్న విషయముగా కనిపించును గాని, ముఖాముఖిలో "ఏమి చేసినారు?" అన్న ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ఆ పుస్తకమే ఆధారము.

తెలుగు రాష్ట్రాలలో

హైదరాబాదులో అమీర్‌పేట, మైత్రీవనం పరిసరాలు కంప్యూటర్ శిక్షణకు ప్రసిద్ధి. హార్డ్‌వేర్-నెట్‌వర్కింగ్ కోర్సులలో ఏ ప్లస్, నెట్‌వర్క్ ప్లస్, ఎంసీఎస్ఈ, సీసీఎన్ఏ పాఠములను వరుసగా చెప్పుట వాడుక అయినది. వీటిలో ఎంసీఎస్ఈని మైక్రోసాఫ్ట్ 2021 జనవరి 31న ముగించినది. సీసీఎన్ఏ 2020 ఫిబ్రవరి నుండి ఒకే పరీక్షగా మారినది. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ కంప్యూటర్ విడిభాగముల విపణి.

పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలు కళాశాలలకు వచ్చి నియమించుకొనునప్పుడు డిగ్రీకి, ప్రవేశ పరీక్షకు ప్రాధాన్యము ఇచ్చును. అక్కడ ఏ ప్లస్‌కు విలువ స్వల్పము. డెస్క్‌టాప్ సపోర్ట్, హెల్ప్‌డెస్క్, ఫీల్డ్ ఇంజనీరు ఉద్యోగములలో ఇది అక్కరకు వచ్చును. వీటిలో అనేకము గుత్తేదారు సంస్థల ద్వారా లభించును. తొలి జీతము తక్కువగా ఉన్నను, అనుభవమనే చిక్కుముడి విడిపోవుట ఇక్కడినుండే.

దొంగ అనుభవ పత్రములు

అనుభవము లేనివారికి కల్పిత పత్రములు అమ్ముట ఈ రంగమును పీడించే దురాచారము. 2006లో నాస్‌కామ్ ప్రారంభించిన నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ, 2014లో భవిష్యనిధి సంస్థ తెచ్చిన యూఏఎన్ సంఖ్య వలన పూర్వోద్యోగ వివరములను సరిచూచుట సులభమైనది. అబద్ధము బయటపడినచో, ఏండ్లు గడచిన తరువాత కూడా ఉద్యోగము పోవచ్చును. అప్పటికి నిజముగా సంపాదించిన అనుభవము సైతము నమ్మకము కోల్పోవును.

ఇతర ప్రవేశస్థాయి పత్రములు

* గూగుల్ ఐటీ సపోర్ట్ పత్రము: 2018లో కోర్సెరా ద్వారా ప్రారంభమైనది
* నీలిట్ ఓ లెవెల్: 1990లో డోయెక్ పథకముగా మొదలైనది, ఆ సంస్థ పేరు 2011లో నీలిట్‌గా మారినది
* మైక్రోసాఫ్ట్ అజూర్ ఫండమెంటల్స్: గడువు లేనిది

ఇవి కూడా చూడండి

* అమీర్‌పేట
* కంప్యూటర్ నెట్‌వర్క్
* ఆపరేటింగ్ సిస్టమ్