ప్లైవుడ్, ఎండీఎఫ్, బ్లాక్ బోర్డు.. ఇంట్లో అలమారలకు ఏది బెస్ట్? షీట్ కొనేముందు ఇవి చూసుకోండి

ఉత్తర తెలంగాణలో దర్వాజ అంటే టేకే గుర్తొస్తుంది. ఆదిలాబాద్ అడవుల టేకుకు అంత పేరు. కానీ ఇప్పుడు కరీంనగర్‌లో కిచెన్ చేయించినా, ఆదిలాబాద్‌లో బెడ్రూం అలమార చేయించినా పని చాలావరకు షీట్లతోనే. పైన మైకా అంటించాక లోపల ఏ షీట్ ఉందో కనిపించదు. తేడా తెలిసేది వానాకాలం ముసురు పట్టినప్పుడే.

ఇల్లంతా ఒకే షీట్ వాడాలన్న రూలేం లేదు. నీళ్లు తగిలేది ఎక్కడ, బరువు పడేది ఎక్కడ.. ఈ రెండు చూసి ఎంచుకుంటే డబ్బులు మిగులుతాయి.

ప్లైవుడ్: పలుచని చెక్క పొరలను ఒకదానిపై ఒకటి అడ్డం, నిలువుగా పేర్చి జిగురుతో నొక్కి చేస్తారు. స్క్రూ గట్టిగా పట్టుకుంటుంది. ఇందులో ఎంఆర్ గ్రేడ్ గాలిలో తేమను తట్టుకుంటుంది కానీ వాటర్‌ప్రూఫ్ కాదు. హాల్, బెడ్రూంకు చాలు. సింకు కింద, బాత్రూం గోడ పక్కన మాత్రం బీడబ్ల్యూపీ గ్రేడ్ తీసుకోండి. మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం ఐఎస్ 710. ముక్కను 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచినా పొరలు ఊడకూడదన్నది దీని పరీక్ష.

బ్లాక్ బోర్డు: మధ్యలో చెక్క బద్దలు, రెండువైపులా పొరలు ఉంటాయి. పొడవైన తలుపులు, పుస్తకాల అరలకు బాగుంటుంది. తొందరగా వంగదు. తడి తగిలే చోట వద్దు.

ఎండీఎఫ్: చెక్క పీచుతో చేసే నున్నటి షీట్. పూజగది జాలీ డిజైన్లు, టీవీ ప్యానెల్, పెయింట్ వేసే తలుపులకు సూటవుతుంది. నీళ్లు తగిలితే అంచులు ఉబ్బుతాయి, ఆరినా మళ్లీ అణగవు. సొంతంగా పని చేసుకునేవాళ్లు ముందు సన్నని రంధ్రం వేసి తర్వాతే స్క్రూ బిగించాలి, లేదంటే అంచు చీలిపోతుంది. కోసేటప్పుడు మాస్క్ తప్పనిసరి. దుమ్ము చాలా సన్నగా లేస్తుంది.

పార్టికల్ బోర్డు: చెక్క పొట్టు, ముక్కలతో చేస్తారు. రేటు తక్కువ. విప్పి మళ్లీ బిగిస్తే స్క్రూలు లూజవుతాయి. తరచూ అద్దె ఇల్లు మారేవాళ్లకు ఇబ్బందే.

చెదలతో జాగ్రత్త: బీడబ్ల్యూపీ అన్నంత మాత్రాన చెదలు పట్టవని కాదు. చెదల మందు ట్రీట్‌మెంట్ చేసిన షీటేనా అని అడగండి. అలమార అడుగు నేలకు తగలకుండా చూసుకోండి. కోసిన అంచులన్నీ ఎడ్జ్ బ్యాండ్‌తో మూసేయండి.

కొనేముందు..

* మామూలు షీట్ 8x4 అడుగులు, అంటే 32 చదరపు అడుగులు. అడుగు 80 రూపాయలు అనుకుంటే షీట్ 2,560 అవుతుంది. జీఎస్టీ కలిపి చెప్పారా, విడిగానా అని అడగండి.
* అలమార డబ్బాకు 18 ఎంఎం, వెనక వైపు 6 ఎంఎం సాధారణంగా సరిపోతాయి. మందం కొలిచి తీసుకోండి.
* షీట్ మీద 710 అని అచ్చు ఉంటే సరిపోదు. ఐఎస్ఐ మార్కుతో పాటు ఉండే సీఎం/ఎల్ నంబర్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో చెక్ చేయండి.
* దర్వాజలకు టేకు కొంటే బిల్లు, అటవీ శాఖ రవాణా పర్మిట్ అడిగి తీసుకోండి. అవి లేకుంటే దారిలో పట్టుకున్నప్పుడు కర్రతో పాటు బండి కూడా పోతుంది.
* షీట్ బిల్లు మీద గ్రేడ్, మందం రాయించుకోండి. రేపు పొరలు లేస్తే షాపులో అడగడానికి అదే ఆధారం.