తీగలేని మౌస్: పుట్టుపూర్వోత్తరములు

రేడియో గల ఇంటివారికి తరంగములు, మీటర్లు, ప్రసార కేంద్రములు అను మాటలు క్రొత్తవి కావు. ఒక కేంద్రము పలుకును. వేల ఇండ్లు వినును. మనము చిరకాలముగా ఎరిగిన పద్ధతి ఇది. కాని ఆ ఇండ్లలోనే నేడు మరియొక ప్రసార కేంద్రము పని చేయుచున్నది. అది అరచేతిలో ఇముడును. దాని పలుకు వినునది ఒక్క లాప్‌టాప్ మాత్రమే. దానినే మనము వైర్‌లెస్ మౌస్ అనుచున్నాము.

సూర్యాపేటలోగాని, కోదాడలోగాని, మిర్యాలగూడలోగాని కంప్యూటరు సామాను అమ్ము అంగడికి పోయి మౌస్ కావలెనన్నచో, అంగడివారు పలు రకములు తీసి అద్దపు బల్లమీద పరచెదరు. ఒక పెట్టెపై ‘2.4 గిగాహెర్ట్జ్’ అని, వేరొక దానిపై ‘బ్లూటూత్’ అని, ఇంకొక దానిపై ‘1600 డి.పి.ఐ.’ అని అచ్చువేసి యుండును. కొనవచ్చినవారు కళాశాల విద్యార్థి కావచ్చును. మీ సేవ కేంద్రము నడుపు యువకుడు కావచ్చును. బియ్యపు మిల్లులో లెక్కలు చూచు గుమాస్తా కావచ్చును. ఈ మాటల అర్థము తెలియకున్నచో వారు రంగును, ధరను మాత్రమే చూచి కొనవలసి వచ్చును. నిజమునకు ఆ పెట్టెలపై గల ఒక్కొక్క మాటయు అరువది యేండ్ల చరిత్రలో ఒక్కొక్క మలుపు. ఆ మలుపులు తెలిసికొన్నవారికి ఎన్నిక కష్టము కాదు.

ఈ సాధనమును కల్పించిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మొదట రాడార్ పని నేర్చినవాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా నౌకాదళములో చేరి, ఫిలిప్పీన్ దీవులకు పంపబడెను. తెరపై వెలుగు చుక్కను చూచి దూరపు వస్తువును గుర్తించు విద్య ఆయనకు అక్కడ అలవడినది. తరువాత కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో పని చేయుచు, కంప్యూటరు తెరపై నున్న అక్షరమును మనుష్యుడు తన చేతితో చూపగలుగుట ఎట్లని ఆలోచించెను. 1964లో ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్ ఒక చెక్కపెట్టెకు అడుగున రెండు చక్రములు అమర్చెను. ఒకటి నిలువు కదలికను, రెండవది అడ్డు కదలికను కొలుచును. పైన ఒక్కటే మీట. వెనుకనుండి తోకవలె తీగ వచ్చుటచే దానికి ‘మౌస్’ అను ముద్దుపేరు నిలిచినది. నేడు తోక పోయినను పేరు పోలేదు.

ఇక్కడ గమనింపదగిన విషయమొకటి కలదు. ఎంగెల్‌బార్ట్ బృందమువారు తమ పరికరమే గొప్పదని ముందుగా నిర్ణయించుకొనలేదు. కాంతి కలమును, ఊతకర్రవంటి జాయ్‌స్టిక్‌ను, బల్లక్రింద మోకాలితో కదపు సాధనమును కూడ తెచ్చి, మనుష్యుల నెదుట కూర్చుండబెట్టి పోటీ పెట్టిరి. ఎవరు ఎంత త్వరగా, ఎన్ని తప్పులతో తెరపై గురిని చేరుకొనుచున్నారో లెక్కించిరి. అలవాటు లేనివారికి మోకాలి సాధనము, కాంతి కలము కొంత సులువుగా తోచినవి. అలవాటు పడినవారికి మౌస్ మిన్నయైనది. ఆ ఫలితములు 1967లో ప్రకటింపబడినవి. అనగా మౌస్ తానే చేతులతో పరీక్షింపబడి ఎన్నికైన సాధనము. నేడు దానిని ఎన్నుకొనుటకును అంతకంటె మంచి మార్గము లేదు.

1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ దీనిని బహిరంగముగా ప్రదర్శించెను. ఆ యేడే, కొన్ని వారములు ముందుగా, జర్మనీలోని టెలిఫుంకెన్ సంస్థ చక్రములకు బదులు బంతి గల పరికరమును ప్రకటించెను. రేడియో సెట్లకు ప్రసిద్ధి చెందిన టెలిఫుంకెన్ పేరు మన పాత శ్రోతలకు తెలిసినదే. ఎంగెల్‌బార్ట్‌కు పేటెంటు లభించినది 1970 నవంబరులో. అటుపిమ్మట జిరాక్స్ పరిశోధనాలయమువారు బంతి మౌస్‌ను తీర్చిదిద్దిరి. 1981లో జిరాక్స్ స్టార్ కంప్యూటరుతోను, 1984లో మాకింటోష్‌తోను మౌస్ సామాన్యుల బల్లమీదికి వచ్చెను.

ఆ కాలమున మన నాట కంప్యూటరు ఎట్లుండెను? 1967లో హైదరాబాదులో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అనగా ఇ.సి.ఐ.ఎల్., 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును తయారుచేసెను. దానిముందు కూర్చున్నవారికి మౌస్‌తో పని లేదు. జిల్లా పట్టణములకు కంప్యూటరు చేరుటకు ఇంకను చాలకాలము పట్టెను. 1998లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రిజిస్ట్రేషను కార్యాలయములలో కంప్యూటర్లు ప్రవేశపెట్టినప్పుడు భూమి క్రయపత్రములు కంప్యూటరు కెక్కినవి. 2011లో మీ సేవ మొదలైన తరువాత ఆదాయ, కుల ధ్రువపత్రముల కొరకు కార్యాలయముల చుట్టు తిరుగుటకు బదులు, కేంద్రములోని బల్లముందు నిలుచుట అలవాటైనది. అవతల కూర్చున్న యువకుని అరచేతి క్రింద మౌస్ తిరుగుచుండెను.

బంతి మౌస్‌కు ఒక్కటే శత్రువు, దుమ్ము. బంతి బల్లమీద దొర్లుచు దుమ్మును, నూలుపోగులను లోనికి ఈడ్చుకొని పోవును. లోపలి కడ్డీలకు మడ్డి పట్టి, తెరపై బాణము కదలక మొరాయించును. వారమునకొకసారి బంతిని తీసి తుడువవలసి వచ్చెడిది. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిమ్మట ఎడమ కాలువ క్రింద వరి పెరిగి, మిర్యాలగూడ బియ్యపు మిల్లుల పట్టణమైనది. ఊక, తవుడు దుమ్ము ఎగురుచోట అట్టి మౌస్ పాట్లు వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ చిక్కును వెలుగు తీర్చినది. 1980 ప్రాంతమున అమెరికాలో ఇద్దరు శాస్త్రజ్ఞులు, రిచర్డ్ లయన్, స్టీవ్ కిర్ష్ అనువారు, ఎవరికి వారుగా కాంతితో పనిచేయు మౌస్‌లను కల్పించిరి. కాని వానికి గీతలు, చుక్కలు గల ప్రత్యేకమైన పలక కావలసి యుండెను. 1999లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన మౌస్ అడుగున చిన్న కెమెరావంటిది కలదు. అది సెకనుకు 1500 చిత్రములు తీసి, ఒక చిత్రమునకు మరియొక దానికి గల తేడానుబట్టి కదలికను లెక్కించును. ప్రత్యేకమైన పలకతో పని లేకపోయెను. కాని ఆ కెమెరా చూచుటకు బల్లపై ఏదో ఒక గరుకు, నూగు, మచ్చ యుండవలెను. నున్నని అద్దముపై దానికి కనబడునది ఏమియు లేదు. కనుక అంగడి అద్దపు బల్లమీద మౌస్ నడువకున్నచో వస్తువు చెడినదని తలపరాదు. క్రింద ఒక కాగితము పరచి చూడవలెను. ఇంటను అద్దపు బల్ల గలవారు ఒక మెత్తని పలక కొనుట చాలును. లేదా అద్దముపై కూడ నడుచునని పెట్టెపై స్పష్టముగా చెప్పిన రకమును కొనవలెను; అట్టివి 2009 నుండి వచ్చుచున్నవి.

డి.పి.ఐ. అను మాట ఈ కెమెరాకు సంబంధించినదే. మౌస్ ఒక అంగుళము కదలినప్పుడు తెరపై బాణము ఎన్ని చుక్కల దూరము పోవునో ఆ సంఖ్య తెలుపును. సాధారణమైన లాప్‌టాప్ తెర అడ్డముగా 1920 చుక్కలు. 1600 గల మౌస్ అంగుళమున్నర లోపుననే తెరను ఈ చివరనుండి ఆ చివరకు దాటించును. వ్రాతపనికి, లెక్కలకు ఇంతకు మించి అవసరము లేదు. పది వేలు, ఇరువది వేలు అను అంకెలు ఆటలాడువారి కొరకు. వానికి గుమాస్తా సొమ్ము చెల్లింపనక్కరలేదు.

ఇక తీగ తెగిన కథ. 1984లో లాజిటెక్ సంస్థ తీగలేని మౌస్‌ను పరారుణ కాంతితో నడిపెను. టెలివిజన్ రిమోటువలె దానికి ఎదుట అడ్డు ఉండరాదు. నడుమ ఒక పుస్తకమున్నను పని ఆగును. 1991లో ఆ సంస్థయే రేడియో తరంగములతో నడుచు మౌస్‌ను తెచ్చెను. తరువాత కొంతకాలము 27 మెగాహెర్ట్జ్‌పై నడుచు రకములు వాడుకలో నుండెను. వాని పలుకు ఒకటి రెండు మీటర్లు దాటుట కష్టము. నేడు మనకు దొరకునవి 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతమున పలుకునవి.

ఈ అంకెను రేడియో భాషలో చెప్పుకొందము. హైదరాబాదు కేంద్రము చిరకాలము 738 కిలోహెర్ట్జ్‌పై, అనగా సుమారు 406 మీటర్ల తరంగముపై వినిపించినది. హైదరాబాదు–విజయవాడ దారిలో దాదాపు నడుమనున్న సూర్యాపేటవారు ముల్లును కొంచెము త్రిప్పి ఈ ప్రక్క హైదరాబాదును, ఆ ప్రక్క విజయవాడను వినుచుండిరి. మౌస్ తరంగము పొడవు పన్నెండు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. దాని శక్తి వాట్టులో వేయవ భాగము ప్రాంతము. అందుచేత అది గది దాటుట అరుదు.

1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ సమావేశము ఈ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతమును పరిశ్రమలు, విజ్ఞానము, వైద్యము వంటి పనులకు కేటాయించినది. వంటయింటి మైక్రోవేవ్ పొయ్యి పనిచేయునది ఈ ప్రాంతముననే. మన దేశమున రేడియో సెట్టు ఉంచుకొనుటకే ఒకప్పుడు లైసెన్సు కావలసి యుండెను. తపాలా కార్యాలయమున రుసుము చెల్లించిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. వినుటకే లైసెన్సు అడిగిన దేశము 2005 జనవరిలో, ఈ ప్రాంతమున తక్కువ శక్తితో పలుకు పరికరములకు లైసెన్సు అక్కరలేదని నియమము చేసెను. నాటినుండి ఈ తరంగములు అందరి సొత్తు. అందరి సొత్తు గనుకనే అక్కడ సందడియు ఎక్కువ. వైఫై, బ్లూటూత్, పొరుగింటి మౌస్, అన్నియు ఆ ఇరుకు సందులోనే.

ఈ సందడిలో తన మాట వినిపించుకొనుటకు రెండు మార్గములు కలవు. మొదటిది, మౌస్‌తోబాటు గోరంత రిసీవరు వచ్చుట. దానిని లాప్‌టాప్ యు.ఎస్.బి. రంధ్రములో పెట్టినంతనే పని మొదలగును. ఏ అమరికయు చేయనక్కరలేదు. కాని ఒక రంధ్రము దానికే పోవును. రిసీవరు పోయినచో చాలవరకు మౌస్ కూడ పోయినట్లే. వేగము గల యు.ఎస్.బి. 3.0 రంధ్రముల నుండి ఈ తరంగములకే అలజడి కలుగునని ఇంటెల్ సంస్థ 2012లో వెల్లడించినది. మౌస్ తడబడినచో రిసీవరును వేరొక ప్రక్క రంధ్రమునకు మార్చి చూడవలెను.

రెండవది బ్లూటూత్. 1994లో స్వీడన్ దేశపు ఎరిక్సన్ సంస్థలో మొదలై, 1998లో పలు సంస్థల ఉమ్మడి ఒప్పందమైన పద్ధతి ఇది. పేరు పదియవ శతాబ్దపు డెన్మార్కు రాజుది. ఇందులో పలుకువాడు, వినువాడు ఇరువురును ముందుగా కుదుర్చుకొన్న క్రమములో ఒక తరంగమునుండి మరియొక దానికి గంతులు వేయుచు, సందడి గల చోటును తప్పించుకొందురు. రంధ్రముతో పని లేదు. క్రొత్త సన్నని లాప్‌టాప్‌లలో పాత తరహా రంధ్రమే లేకున్నచో ఇదియే దారి. కాని మొదటిసారి జత కూర్చవలెను. నిదురనుండి లేచుటకు ఒక్క క్షణము తీసికొనును.

ధరకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. 2016లో అమెరికాలోని బాస్టిల్ అను సంస్థ పరిశోధకులు, బ్లూటూత్ కాని పలు సంస్థల రిసీవర్లలో ఒక లోపమును కనుగొనిరి. మౌస్ పలుకులకు రహస్య లిపి లేకపోవుటచే, బయటివాడు సుమారు నూరు మీటర్ల దూరమునుండి తానే మౌస్‌నని నమ్మించి, ఆ కంప్యూటరులో అక్షరములు కొట్టినట్లు చేయగలడని చూపిరి. ఇంట పాటలు వినువానికి ఇది పెద్ద భయము కాకపోవచ్చును. కాని బజారు నడుమ కూర్చుండి, పదిమంది ధ్రువపత్రములు, బ్యాంకు సంఖ్యలు చేతిలో పెట్టుకొన్నవారికి ఇది చిన్న మాట కాదు. అట్టివారు పేరులేని చౌక రకమును విడిచి, రహస్య లిపి గలదని చెప్పిన రకమునుగాని, బ్లూటూత్ రకమునుగాని ఎన్నుకొనవలెను. రాత్రింబవళ్లు ఒకేచోట నుండు యంత్రమునకు తీగ గల మౌస్ పెట్టుకొన్నను తక్కువేమియు లేదు.

లాప్‌టాప్‌కు స్పర్శపలక ఉండగా మౌస్ ఎందుకని కొందరడుగుదురు. 1991 నాటి ఆపిల్ లాప్‌టాప్‌లో బంతి యుండెను. 1994లో దాని స్థానమున స్పర్శపలక వచ్చినది. ఒడిలో పెట్టుకొని చదువువానికి పలక చాలును. గంటలకొలది పద్దులు సరిచూచువాని వ్రేలు పలకపై అలసిపోవును. మౌస్ అట్టివాని కొరకు. చిన్న మౌస్ సంచిలో సులువుగా ఇముడునుగాని, పెద్ద అరచేతిని ముడుచుకొనునట్లు చేయును. కుడిచేతికే వంపు తిరిగిన మౌస్ ఎడమచేతివారికి పనికిరాదు. విద్యుద్ఘటము విషయమున, పెన్సిల్ సెల్లు వేయు రకము నెలల తరబడి నడుచును. సెల్లు ఏ పల్లెలోనైనను దొరకును. సెలవులకు ఊరు పోవునప్పుడు దానిని తీసివేయుట మంచిది. పాత ట్రాన్సిస్టరు గలవారికి సెల్లు కారుట సంగతి చెప్పనక్కరలేదు.

కనుక అంగడిలో చేయవలసినది ఎంగెల్‌బార్ట్ బృందము చేసినదే. రెండు మూడు రకములు తీయించి, తన లాప్‌టాప్‌ను వెంట తీసికొనిపోయి, ఒక్కొక్కదానితో ఒక పేరా ఎన్నుకొని, ఒక చిన్న గురిపై పదిసార్లు నొక్కి చూడవలెను. వ్రేళ్లు చాచినట్లు హాయిగా ఉన్నవా, మణికట్టు బల్లకు ఒత్తుకొనుచున్నదా, గురి తప్పుచున్నదా అని గమనింపవలెను. ఆ పరీక్షకు ఐదు నిమిషములు చాలును. ఆ పిమ్మట ఆ మౌస్ రెండు మూడేండ్లు దినమునకు ఎన్నియో గంటలు ఆ చేతి క్రిందనే యుండును.