పొన్నూరు సాక్షి, చుండూరు సాక్షులు

పొన్నూరు దేవుడి పేరు సాక్షి భావనారాయణ స్వామి. కాశీలో ఇచ్చిన పెళ్ళి మాటను ఊరికొచ్చాక ఒకాయన కాదంటే, దేవుడే వచ్చి సాక్ష్యం చెప్పాడని స్థలపురాణం. ఏ వేళప్పుడు చూశావని ఆ సాక్షిని ఎవరూ అడగలేదు. ఆ కథను, ఆ గుడిని మన ప్రాంతపు వారసత్వమని బడిపిల్లలకు చెప్తున్నాం.

నిడుబ్రోలు స్టేషన్‌లో తెనాలి వైపు రైలెక్కితే దారిలోనే చుండూరు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. అంతకు నెల ముందు సినిమాహాల్లో కాలు తగిలిందని తగాదా. దాని వెనకే సాంఘిక బహిష్కారం, కూలి బంద్. కూలి ఆపగలిగిందెవరు? తాతల నాటి పొలం ఉన్నవాళ్ళు. వారసత్వమన్న మాటకు ఊళ్ళో మొదటి అర్థం భూమే గదా!

చనిపోయినవాళ్ళని దళితులు ఊరవతలికి మోసుకుపోలేదు. ఊరి నడుమనే పూడ్చారు. అదే రక్తక్షేత్రం. 1985లో కారంచేడు హత్యాకాండ తర్వాత పుట్టిన దళిత మహాసభ ఈ పోరాటంలో ముందు నిలిచింది. దాని నాయకుడు, సంస్కృతం పాఠాలు చెప్పిన కత్తి పద్మారావు పొన్నూరు వాసే.

ప్రత్యేక కోర్టు చుండూరులోనే విచారణ జరిపింది. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి యేడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు, సాక్ష్యాలు చాలవంటూ అందర్నీ విడిచిపెట్టింది. ఆ తీర్పుపై అదే యేడు సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ప్రాణభయంతో పొలాలకడ్డంపడి పరుగెత్తేవాడు ఏ గంటకి ఎవరు నరికారో లెక్క రాసుకుంటాడా?

గుడి కథకు రుజువు అక్కర్లేదు, వాడ కథకు ఎంత రుజువూ చాలదు. ఏది వారసత్వమో, ఏది ఉత్త తగాదానో తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉందో ఇక్కడే తెలుస్తుంది. రక్తక్షేత్రాన్ని కూడా యేడాదికొకసారి దండేసి పోయే చోటుగా మార్చడం ఏ పార్టీకైనా సులువే. దండ వేస్తే భూమి రాదు, న్యాయమూ రాదు. ఆ సమాధులు మనకు అలంకారం కాదు, సాక్ష్యం.

ఆ రోజు కళ్ళారా చూసినవాళ్ళు ముసలివాళ్ళవుతున్నారు. విద్యార్థులు, టీచర్లు వాడకెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోవాలి. వాళ్ళ మాట వాళ్ళ యాసలోనే రాసిపెట్టాలి. వాళ్ళ కోసం సాక్ష్యం చెప్పడానికి ఏ దేవుడూ నడిచిరాడు.